గర్భనిరోధక మాత్రలు, కాన్పులు, ఎమ్మెస్: ముందు మొదలైంది ఏది?

మాలా-ఎన్ అనే గర్భనిరోధక మాత్రల అట్టను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అందులో 28 మాత్రలుంటాయి. 21 తెల్లవి. మిగతా 7 ముదురు రంగులో ఉండే ఇనుము మాత్రలు. నెలసరి రోజుల్లో కూడా మాత్ర వేసుకునే అలవాటు తప్పకూడదనీ, ఒంటికి రక్తం పట్టాలనీ వాటిని చేర్చారు. తెల్ల మాత్రలో 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయోల్ ఉంటాయి. రెండూ కలిపినా మిల్లీగ్రాములో అయిదో వంతు కాదు. ఆ కాస్త మందే మెదడు నుంచి అండాశయానికి వెళ్ళే ఆదేశాన్ని అడ్డుకుని, నెలనెలా జరగాల్సిన అండం విడుదలను ఆపేస్తుంది.

ఇంత కొంచెం మందు అంత పని చేస్తుంటే, అది ఒంట్లో ఇంకేం చేస్తోందోనన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. 2014 ఫిబ్రవరిలో ఆ అనుమానానికి ఒక జబ్బు పేరు తోడైంది. గర్భనిరోధక మాత్రలు వాడిన స్త్రీలకు మల్టిపుల్ స్క్లిరోసిస్ వచ్చే అవకాశం ఎక్కువని దక్షిణ కాలిఫోర్నియాలో చేసిన ఒక అధ్యయనం సూచిస్తోందని వార్తలు వచ్చాయి. వార్త మూడు వాక్యాల్లో ముగిసిపోతుంది. చదివిన ఆడపిల్ల మనసులో దిగులు మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆ దిగులుకు ఆధారం ఎంత ఉందో తేల్చాలంటే అరవై ఏళ్ళ పరిశోధనను ఓపికగా తిరగెయ్యాలి.

డాక్టర్లూ రోగులూ ఎమ్మెస్ అని పిలుచుకునే ఈ జబ్బును 1868లో పారిస్ సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో స్పష్టంగా వర్ణించాడు. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే, మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే నాడీ తంతువుల మీద మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. సంకేతాలు వేగంగా పరుగెత్తేది దాని వల్లనే. ఎమ్మెస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి ఆ తొడుగును కొరికేస్తుంది. దెబ్బ తగిలిన చోట మచ్చలు పడతాయి. మచ్చ ఎక్కడ పడితే లక్షణం అక్కడిది: ఒక కన్ను మసకబారుతుంది, కాలు తిమ్మిరెక్కి మొద్దుబారుతుంది, నడక తూలుతుంది, మూత్రం పట్టు తప్పుతుంది. చాలామందిలో జబ్బు కొన్ని వారాలు వేధించి తగ్గుతుంది, మళ్ళీ ఎప్పుడో తిరగబెడుతుంది. ప్రపంచంలో 28 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో బతుకుతున్నారు.

హార్మోన్ల మీద అనుమానం రావడానికి కారణాలు బలంగానే ఉన్నాయి. ఈ జబ్బు ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ళ మధ్య బయటపడుతుంది. అంటే పెళ్ళి, కాన్పులు, బిడ్డల పెంపకం సాగే వయసులో. పురుషుల కంటే స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువ వస్తుంది. ఈ తేడా ఎప్పటి నుంచో ఇంతే ఉన్నది కాదు. కెనడాలో 1930లలో పుట్టినవారిలో మగ రోగి ఒకరికి ఆడ రోగులు ఇద్దరు చొప్పున ఉంటే, 1970ల చివర పుట్టినవారిలో ముగ్గురు దాటారు. రెండు మూడు తరాల్లో జన్యువులు మారిపోవు. మారింది బతుకు తీరు. ఆ మార్పుల్లో అందరి కళ్ళకూ కనబడేది 1960లో అమెరికా ప్రభుత్వం అనుమతించిన మొదటి గర్భనిరోధక మాత్ర. కాలం కలిసింది కాబట్టి కారణం కూడా అదేనేమో అని కొందరు అనుకున్నారు.

ఆ మాటకు వచ్చే ముందు గర్భం సంగతి చూడాలి. హార్మోన్లకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందన్న గట్టి సాక్ష్యం అక్కడే దొరికింది. ఒకప్పుడు ఎమ్మెస్ ఉన్న స్త్రీకి చాలామంది డాక్టర్లు గర్భం వద్దనే చెప్పేవారు. కాన్పు జబ్బును ముదరబెడుతుందని వాళ్ళ భయం. 1998లో ఫ్రాన్సులోని లియాన్ నగరానికి చెందిన క్రిస్టియాన్ కాన్ఫావ్రూ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. 12 ఐరోపా దేశాల నుంచి ఎమ్మెస్ ఉన్న 254 మంది స్త్రీలను, వాళ్ళ 269 గర్భాలను గమనించిన లెక్క అది. ఆ లెక్కను మన మాటల్లో ఇలా చెప్పుకోవచ్చు. గర్భానికి ముందు ఏడాదిలో పదిమందికి కలిపి ఏడుసార్లు జబ్బు తిరగబెట్టింది. గర్భం నిలిచాక ఆ వేగం తగ్గుతూ వచ్చి, చివరి మూడు నెలల్లో ఏడాదికి రెండుసార్లకు దిగింది. ఏ మందూ లేకుండానే మూడో వంతు కన్నా తక్కువకు పడిపోయిందన్నమాట. కాన్పయిన తర్వాత మొదటి మూడు నెలల్లో అదే వేగం పన్నెండుకు ఎగబాకింది. ఆ తర్వాత మళ్ళీ పాత ఏడు దగ్గరికి వచ్చి ఆగింది.

ఈ ఎత్తుపల్లాలు చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలుగుతుంది. కడుపులోని బిడ్డలో సగం తండ్రి అంశ. తల్లి రోగనిరోధక వ్యవస్థ దృష్టిలో ఆ సగం పరాయిది. దాన్ని తోసేయకుండా భరించడానికి గర్భిణి శరీరం తన ఆయుధాలను కొంత కిందికి దించుతుంది. మాయ నుంచి వచ్చే ఈస్ట్రియోల్ అనే హార్మోను గర్భం చివరి నెలల్లో రక్తంలో బాగా పెరుగుతుంది. గర్భం లేనప్పుడు అది ఉండీ లేనట్టే ఉంటుంది. బిడ్డతో పాటు మాయ బయట పడగానే ఆ హార్మోన్లన్నీ ఒక్కసారిగా కూలిపోతాయి. దించిన ఆయుధాలు మళ్ళీ పైకి లేస్తాయి. బాలింతగా ఉన్న మొదటి మూడు నెలల్లో జబ్బు ఎందుకు తిరగబెడుతుందో ఇందులో చాలావరకు అర్థమవుతుంది. అయితే ఆ స్త్రీలనే ఇంకా కొంతకాలం గమనించి 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఆ మూడు నెలల్లో జబ్బు తిరగబెట్టింది 28 శాతం మందికి. మిగతా 72 శాతం మంది ఏ దెబ్బా లేకుండానే గడిపారు. గర్భం వద్దన్న పాత సలహా తప్పని ఈ అధ్యయనం తేల్చింది. ఎందరో స్త్రీలు తల్లులు కావడానికి దారి చూపిన పని కాబట్టి దాన్ని నేను ఎంతో గౌరవంతో తలుచుకుంటాను.

గర్భంలోని హార్మోన్లు కాపాడుతుంటే, మాత్రలోని హార్మోన్లు కూడా కాపాడాలి కదా అనిపిస్తుంది. 1969లోనే ప్రయోగశాలలో జంతువులకు ఎమ్మెస్‌ను పోలిన జబ్బు కలిగించి, గర్భనిరోధక మందులు ఇస్తే ఏమవుతుందో పరీక్షించారు. మనుషుల్లో మాత్రం జవాబు సూటిగా దొరకలేదు.

బ్రిటన్‌లో 1968లో రెండు పెద్ద అధ్యయనాలు మొదలయ్యాయి. ఒకటి కుటుంబ వైద్యుల రాయల్ కాలేజీది, సుమారు 46 వేల మంది స్త్రీలతో. రెండోది ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కుటుంబ నియంత్రణ క్లినిక్కుల్లో చేర్చుకున్న 17,032 మందితో. ఏళ్ళ తరబడి గమనిస్తే మొదటి దాంట్లో 114 మందికి, రెండో దాంట్లో 63 మందికి ఎమ్మెస్ వచ్చింది. మాత్ర వాడినవారికీ వాడనివారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎంతమంది బిడ్డల్ని కన్నారన్నదానికీ జబ్బుకూ సంబంధం కనబడలేదు. అమెరికాలో 1976లో ఒక తరం, 1989లో మరో తరం నర్సులను చేర్చుకుని చేసిన అధ్యయనాల్లో 2 లక్షల 38 వేలకు పైగా స్త్రీలున్నారు. వారిలో 315 మందికి ఎమ్మెస్ వచ్చింది. 2000లో వెలువడిన ఆ ఫలితం కూడా మాత్రను తప్పు పట్టలేదు.

2005లో బ్రిటన్ వైద్య రికార్డుల నుంచి తీసిన మరో లెక్క దీనికి ఎదురు తిరిగింది. 106 మంది రోగులను సుమారు వెయ్యి మంది ఆరోగ్యవంతులతో పోల్చితే, అంతకు ముందు మూడేళ్ళలో మాత్ర వాడినవారికి ఎమ్మెస్ 40 శాతం తక్కువగా వచ్చింది. కాన్పు తర్వాతి ఆరు నెలల్లో మాత్రం జబ్బు మొదలయ్యే అవకాశం దాదాపు మూడు రెట్లు ఉంది. కాన్ఫావ్రూ లెక్కకు ఇది సరిగ్గా సరిపోతుంది.

ఇక కాలిఫోర్నియా అధ్యయనం. 2008, 2011 మధ్య కొత్తగా ఎమ్మెస్ గానీ, దానికి తొలి మెట్టు అనదగ్గ లక్షణాలు గానీ కనబడిన 400 మంది స్త్రీలను, అదే వయసున్న సుమారు 3,900 మందితో పోల్చారు. జబ్బు వచ్చినవారిలో 40 శాతం, రానివారిలో 32 శాతం మాత్ర వాడినవారు. ఇతర తేడాలను సర్దుబాటు చేశాక అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లుగా తేలింది. లెవోనార్జెస్ట్రెల్ ఉన్న మాత్రలకు అది ఇంకాస్త ఎక్కువ. డ్రోస్పిరెనోన్ ఉన్నవాటికి ఏమీ లేదు. మన మాలా-ఎన్‌లో ఉన్నది లెవోనార్జెస్ట్రెలే. అందుకే ఈ అధ్యయనాన్ని తేలిగ్గా తోసేయడం సరికాదు, జాగ్రత్తగా చదవాలి.

చదివితే రెండు విషయాలు కనబడతాయి. విషం నిజంగా విషమైతే, ఎక్కువ కాలం తిన్నవాడికి ఎక్కువ కీడు జరగాలి. ఈ అధ్యయనంలో మాత్రను కొన్ని నెలలు వాడినవారికీ ఏళ్ళ తరబడి వాడినవారికీ తేడా లేదు. రెండోది, ఒకటిన్నర రెట్లు అన్న మాట వినడానికి పెద్దది. ఒక దేశంలో ఏడాదికి లక్ష మంది స్త్రీలలో పదిమందికి ఈ జబ్బు వస్తుందనుకుందాం. ఒకటిన్నర రెట్లయితే పదిహేను మందికి వస్తుంది. లక్షకు అయిదుగురు ఎక్కువ. ఆ అయిదుగురి బాధ చిన్నదని కాదు. కానీ వద్దనుకున్న గర్భం వల్ల, ఎడం లేని కాన్పుల వల్ల, గర్భస్రావాల వల్ల స్త్రీలకు కలిగే ముప్పును పక్కన పెట్టి చూస్తేనే ఈ అంకె భయపెడుతుంది.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఈ వ్యాసం రాయడానికి కారణమే ఆ చిక్కు. ఎమ్మెస్ మొదలైన రోజూ ఎమ్మెస్ బయటపడిన రోజూ ఒకటి కావు. అమెరికా సైన్యం తన సైనికుల రక్త నమూనాలను ఏళ్ళ తరబడి దాచిపెట్టింది. హార్వర్డ్ పరిశోధకులు వాటిని తీసి చూస్తే, నాడీ తంతువులు తెగినప్పుడు రక్తంలోకి వచ్చే న్యూరోఫిలమెంట్ అనే ప్రొటీను, మొదటి లక్షణానికి సుమారు ఆరేళ్ళ ముందు నుంచే ఎక్కువగా ఉన్నట్టు తేలింది. కెనడాలో వైద్య రికార్డులు తిరగేస్తే, జబ్బు బయటపడటానికి అయిదేళ్ళ ముందు నుంచే ఆ రోగులు మిగతావారి కంటే ఎక్కువగా డాక్టర్ల దగ్గరికి తిరిగినట్టు కనబడింది. ఎందుకో తెలియని నీరసం, నిద్ర పట్టకపోవడం, మూత్రం ఇబ్బంది, మనసు కుంగిపోవడం. పేరు లేని జబ్బుతో ఉన్న మనిషి ఆ ఏళ్ళన్నీ మామూలుగానే బతుకుతుంది: పెళ్ళి చేసుకుంటుంది, పిల్లల్ని కంటుంది, కనకూడదనుకుంటుంది, మాత్ర వేసుకుంటుంది, ఆపేస్తుంది. ఒళ్ళు సహకరించడం లేదని ఆమె బిడ్డను వాయిదా వేసి మాత్ర మొదలుపెట్టి ఉంటే, లెక్కల పుస్తకంలో మాత్ర ముందు, జబ్బు వెనక అని పడుతుంది. ఆమె ఒంట్లో వరుస తిరగబడి ఉంటుంది.

కాన్పుల లెక్క కూడా ఇలాగే మోసం చేయగలదు. 2012లో ఆస్ట్రేలియాలో చేసిన ఒక అధ్యయనంలో ఒక్కో బిడ్డ పుట్టినకొద్దీ తల్లికి ఈ జబ్బు మొదటి లక్షణం వచ్చే అవకాశం దాదాపు సగానికి తగ్గుతూ వచ్చింది. తండ్రుల్లో అలాంటిదేమీ లేదు. 2013లో డెన్మార్క్ పరిశోధకులు, జబ్బు బయటపడటానికి ముందు అయిదేళ్ళలో కాన్పు జరిగితేనే తల్లికి రక్షణ కనబడుతుందనీ, అంతకు ముందువి లెక్కకు రావనీ చెప్పారు. 2014లో స్వీడన్ నుంచి వచ్చిన లెక్క ఒక కొత్త సంగతి చూపించింది. గత అయిదేళ్ళలో బిడ్డ పుట్టిన తల్లుల్లోనే కాదు, తండ్రుల్లో కూడా ఎమ్మెస్ తక్కువగా ఉంది. తండ్రి గర్భం మోయలేదు, మాయ హార్మోన్లు ఆయన రక్తంలోకి రాలేదు. మరి ఆయనకు రక్షణ ఎలా వచ్చింది? ఒక్కటే వివరణ సబబుగా తోస్తుంది. జబ్బు లోపల మొదలైనవాళ్ళు, ఆడైనా మగైనా, ఆ ఏళ్ళలో పిల్లల్ని కనడం తగ్గించుకున్నారు. బిడ్డ పుట్టి జబ్బును ఆపడం కాదు, జబ్బే బిడ్డను ఆపింది.

అంటే గర్భానికి పాత్రే లేదా? ఉంది. 2020లో చెక్ రిపబ్లిక్, ఆస్ట్రేలియా క్లినిక్కుల్లో 2,557 మంది స్త్రీలను పరిశీలించినప్పుడు, గర్భం దాల్చినవారిలో జబ్బు మొదటి లక్షణం మూడేళ్ళకు పైగా ఆలస్యంగా కనబడింది. ఎన్ని గర్భాలన్నది ముఖ్యం కాలేదు, ఒకటైనా చాలు. కాన్ఫావ్రూ చూపించిన ఎత్తుపల్లాలను తోసేయడానికి వీల్లేదు. నా అంచనా ఇది: గర్భం జబ్బును కొంతకాలం వెనక్కి నెడుతుంది, మొదలే కాకుండా ఆపుతుందనడానికి సాక్ష్యం చాలదు. మాత్ర మాత్రం రెండు వైపులా పెద్దగా చేసేదేమీ లేదు.

మాత్రే జబ్బును తెచ్చిందనేవారికి జపాన్ మంచి సమాధానం. అక్కడ తక్కువ మోతాదు గర్భనిరోధక మాత్రకు అనుమతి వచ్చింది 1999లో. అప్పటి దాకా గర్భం రాకుండా మాత్ర వాడిన స్త్రీలు చాలా తక్కువ. అయినా అక్కడి దేశవ్యాప్త సర్వేల్లో ఎమ్మెస్ రోగుల్లో స్త్రీల వాటా సర్వే సర్వేకూ పెరుగుతూ వచ్చి, 2004 నాటికి పురుషుడొక్కడికి దాదాపు ముగ్గురు స్త్రీలయ్యారు. మాత్ర లేని చోట కూడా పెరిగిందంటే వేరే కారణాలు వెతకాలి. పొగతాగడం, చిన్న వయసులో ఊబకాయం, ఎండ పొడ తగలక విటమిన్ డి తగ్గడం అన్నవి ఇప్పుడు బలంగా నిలిచిన అనుమానితులు. అన్నిటికన్నా పెద్దది ఎప్స్టీన్ బార్ వైరస్. కోటి మందికి పైగా అమెరికా సైనికుల రికార్డుల ఆధారంగా 2022లో వెలువడిన అధ్యయనంలో, ఆ వైరస్ సోకిన తర్వాత ఎమ్మెస్ వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగింది. 32 ముందు ఒకటిన్నర ఎంతో ఆలోచించండి.

మాత్ర అన్న ఒక్క మాటతో అన్నిటినీ కలిపి మాట్లాడటం కూడా పొరపాటే. 1960 నాటి ఎనోవిడ్ మాత్రలో మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు. ఈనాటి మాలా-ఎన్‌లో ఈస్ట్రోజెన్ 30 మైక్రోగ్రాములు. గర్భిణి రక్తంలో పొంగే హార్మోన్ల ముందు రెండూ తక్కువే. పెద్ద మోతాదు హార్మోన్లనే మందుగా ఇస్తే ఎలా ఉంటుందోనని చూసినవారూ ఉన్నారు. అమెరికాలో 164 మంది స్త్రీలతో 2016లో వెలువడిన ప్రయోగంలో, మామూలు మందుతో పాటు ఈస్ట్రియోల్ ఇచ్చినవారికి జబ్బు తిరగబెట్టడం కొంత తగ్గింది. ఆశ కలిగించేదే గానీ తేల్చి చెప్పేంత బలమైన ఫలితం కాదు. ఐరోపాలో 202 మంది బాలింతలకు హార్మోన్లు ఇచ్చి చూస్తే ఫలితం శూన్యం. ప్రకృతి గర్భంలో చేసే పనిని మాత్రతో చేయించడం ఇంకా మన చేతికి రాలేదు.

ఇక మన సంగతి. ఉత్తర ఐరోపాలో, కెనడాలో లక్షకు 200 మందికి పైగా ఉన్న ఈ జబ్బు, మంగళూరులో లెక్కిస్తే లక్షకు దాదాపు 8 మందికి ఉన్నట్టు తేలింది. అరుదే, కానీ లేనిది కాదు. మన దగ్గర మాత్ర వాడకం మరీ తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. ఇద్దరు పిల్లలు, ఆపరేషన్, అంతటితో సరి. మాత్ర మీద పుట్టే ప్రతి భయమూ మిగతా దారులను ఇంకా ఇరుకు చేస్తుంది. బిడ్డకూ బిడ్డకూ మూడేళ్ళ ఎడం కావాలనుకున్న పాతికేళ్ళ అమ్మాయికి మాలా-ఎన్, ఛాయా మాత్ర, అంతరా సూది, కాపర్-టి అన్నీ అందుబాటులో ఉండాలి. పరాయి దేశపు వార్త ఒకటి విని అట్టను గూట్లో పడేసే పరిస్థితి రాకూడదు.

ఎమ్మెస్ ఉన్న స్త్రీకి గర్భనిరోధం మరీ అవసరం. ఆ జబ్బుకు వాడే టెరిఫ్లునోమైడ్, ఫింగోలిమోడ్, క్లాడ్రిబిన్ వంటి మందులు కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి. గర్భం కావాలనుకుంటే ముందే న్యూరాలజిస్టుతో మాట్లాడి మందు మార్చుకోవాలి. అప్పటి దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. మాత్ర వాడవచ్చు. జబ్బు వల్ల కదలలేక మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారు మాత్రం ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర వాడకూడదు, కాళ్ళలో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. కాన్పు తర్వాత తల్లిపాలు తప్ప వేరేదీ ఇవ్వని తల్లుల్లో జబ్బు తిరగబెట్టడం తక్కువగా కనబడుతోంది. వారికి వీలైతే అది మేలు.

చివరగా ఇంట్లో బాలింత ఉన్నవారికి ఒక మాట. కాన్పయిన మొదటి మూడు నెలల్లో ఆమె ఒక కన్ను మసకగా ఉందన్నా, కన్ను తిప్పితే నొప్పి అన్నా, ఒక వైపు చెయ్యో కాలో మొద్దుబారి ఇరవై నాలుగు గంటలు దాటినా, దాన్ని బాలింత నీరసమని సరిపెట్టి మిరియాల కారంతో ఊరుకోకండి. ఆ వారంలోనే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. ఎం.ఆర్.ఐ. తీస్తే మచ్చలుంటే కనబడతాయి, త్వరగా మందు మొదలుపెడితే నడక నిలిచే అవకాశం ఎక్కువ.